విమానానికి వెక్కిరింపు పేరు పెట్టడం ఆప్యాయతా, అపచారమా?

దేవరకొండ ఆడపడుచు

దసరా నాడు మా ఇంట్లో మొదలైన వాదన ఇంకా తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మా తమ్ముడు విమానాల మరమ్మతు చదువు పూర్తిచేసి హ్యాంగర్‌లో, అంటే విమానాలు నిలిపి బాగుచేసే షెడ్డులో, చేరి ఏడాదైంది. పండుగకు వచ్చాడు. నాన్న ట్రాక్టరుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచుతుంటే వీడు పక్కన నిలబడి పని కబుర్లు మొదలుపెట్టాడు. వాళ్ళ దగ్గర ఒక విమానాన్ని 'ముసలమ్మ' అంటారట, ఇంకొకదాన్ని 'దున్నపోతు' అంటారట. అమెరికా వాళ్ళ ఏ-10 యుద్ధవిమానానికి కాగితం మీద ఉన్న పేరు థండర్‌బోల్ట్, అంటే పిడుగు. నడిపేవాళ్ళు మాత్రం దాన్ని వార్ట్‌హాగ్ అంటారట. అది ముఖం నిండా కాయలుండే ఆఫ్రికా అడవిపంది.

నాన్న కుంకుమ పళ్ళెం కింద పెట్టేశారు. "అన్నం పెట్టే యంత్రాన్ని, అదీ ఆయుధపూజ నాడు, పంది అంటారా?" అని లేచి వెళ్ళిపోయారు. నాకు నాన్న మాటే సబబనిపిస్తోంది. వందలమంది ప్రాణాలు మోసే వస్తువును ఎగతాళి చేయడం ఏ విధంగా సరైనదో తెలిసినవాళ్ళు చెప్పండి.

మిర్యాలగూడ ఫిట్టర్

అమ్మా, మాదీ వ్యవసాయ కుటుంబమే. మీ నాన్నగారి నొప్పి నాకు తెలుసు. అయినా నేను మీ తమ్ముడి పక్షాన నిలబడతాను.

వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా ఇరవై ఏళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం కిరణ్ శిక్షణ విమానాల మీదే. 1964లో మొదటిసారి ఎగిరిన జెట్ అది. గురువూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చుంటారు. మా వరుసలో ఒకదానికి ముక్కు చక్రం ఓలియో (దిగేటప్పుడు కుదుపును తట్టుకునే కాలు) దగ్గర సీలు ఎన్నిసార్లు మార్చినా ఎర్రటి హైడ్రాలిక్ నూనె చెమర్చేది. తెల్లవారుజామున వెళ్ళేసరికి నేలమీద మరక ఉండేది. తెలుగువాళ్ళం నలుగురం ఉండేవాళ్ళం, దానికి 'చీమిడిముక్కు' అని పేరు పెట్టాం. నెల తిరిగేసరికి పంజాబు వాళ్ళూ కేరళ వాళ్ళూ కూడా అర్థం తెలియకుండానే చీమిడిముక్కు అనేవారు.

ఆ పేరు వల్ల జరిగిన మేలు చెబుతాను. డ్యూటీలో ఎవరున్నా ఆ విమానం దగ్గరికి వెళ్ళగానే ముందు వంగి ముక్కు కింద చూసేవారు. తోక మీది అంకె మరిచిపోయినవాడు కూడా ఆ పేరు మరిచిపోలేదు. చీమిడి కారే పిల్లవాడి ముక్కు తుడిచేది తల్లి ఒక్కతే. మేము రోజూ తుడిచాం, అందుకే ఆ పేరు పెట్టే హక్కు మాకు ఉందనుకుంటాను.

షాద్‌నగర్ లైసెన్స్

ఫిట్టర్ గారూ, నమస్కారం. నేను పౌర విమానాల నిర్వహణలో ఇంజనీరుని. మీ అనుభవం ముందు చిన్నవాణ్ణి, కానీ ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. నా అభ్యంతరం మర్యాద గురించి కాదు, భద్రత గురించి.

పేరు పెట్టిన రోజు నుంచి లోపం లోపంగా కనబడదు, స్వభావంగా కనబడుతుంది. నేను కొత్తగా చేరినప్పుడు ఒక విమానాన్ని అందరూ 'దెయ్యం' అనేవారు. సరుకుల తలుపు గట్టిగా మూసి ఉన్నా తలుపు తెరిచి ఉందన్న హెచ్చరిక దీపం అప్పుడప్పుడూ వెలిగేది. అడిగితే "దాని బుద్ధే అంత" అన్నారు. ప్రతిసారీ సెన్సర్ తుడిచి, పరీక్షించి, బాగానే ఉందని రాసి పంపేవాళ్ళం. రెండు నెలల తర్వాత ఒక పెద్దాయన పట్టుబట్టి తలుపు చట్రం లోపలి వైరింగు మొత్తం విప్పించాడు. ఒక తీగ బిగింపు దగ్గర రాపిడికి పైపొర అరిగి లోపలి లోహం కనబడుతోంది. దెయ్యం అనే పేరు లేకపోయి ఉంటే ఆ తీగను మొదటి వారంలోనే వెతికేవాళ్ళమని నేను ఈనాటికీ నమ్ముతాను.

ఇంకొక మాట. 'హ్యాంగర్ క్వీన్' అనే పేరు మీకూ తెలిసే ఉంటుంది. నెలల తరబడి ఎగరకుండా హ్యాంగర్‌లోనే ఉండిపోయే విమానం. రాణి అని పిలుస్తూనే ఆమె ఒంటిమీది నగలు ఒక్కొక్కటీ ఒలిచి పక్క విమానాలకు పెడతాం. ఆ పేరు మీద నవ్వుకున్నంత కాలం కొత్త విడిభాగాలు ఎందుకు రాలేదన్న ప్రశ్న మా నోటికి రాదు.

నల్గొండ డిపో

బస్సుల దగ్గరా ఇదే కథ. నా చేతిలో ఉన్న పాత బండికి బ్రేకు తొక్కితే ఎడమకు లాగే గుణం ఉండేది. దాని పేరు 'ఎడమచేతి వాటం'. కొత్త డ్రైవరుకు తాళం ఇస్తూ ఆ పేరు చెబితే చాలు, జాగ్రత్తపడేవాడు. నేను ఫిట్టర్ గారి వైపు.

షాద్‌నగర్ లైసెన్స్

అన్నా, బ్రేకు ఎడమకు లాగే బండిని తాళంతో పాటు పేరు చెప్పి రోడ్డు మీదికి పంపారంటే, నేను భయపడుతున్నది సరిగ్గా దాని గురించే.

వనపర్తి పంతులు

ఇంతవరకు మాట్లాడినవాళ్ళందరూ యంత్రాన్ని చేత్తో తాకినవాళ్ళు. బయటివాళ్ళు పెట్టే పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో అసలు తగాదా అక్కడే ఉంది.

మిగ్-21 విషయమే తీసుకోండి. 1963లో మన వాయుసేనలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. రష్యన్లు దాన్ని ముద్దుగా 'బాలలైకా' అన్నారు. త్రికోణపు రెక్కలు వాళ్ళ జానపద తంత్రీవాద్యంలా ఉంటాయి కాబట్టి. మన దగ్గర పత్రికలు దాన్ని 'ఎగిరే శవపేటిక' అన్నాయి. ప్రమాదాలు నిజం. 872 మిగ్ విమానాల్లో 482 ప్రమాదాలకు గురయ్యాయనీ, 171 మంది పైలట్లు చనిపోయారనీ 2012లో రక్షణ మంత్రి రాజ్యసభలో చెప్పారు. ఆ లెక్కను ఎవరూ దాచకూడదు. కానీ ప్రతి ఉదయం ఆ విమానం ఎక్కే కొడుకున్న తల్లి పేపరు తెరిచి శవపేటిక అన్న మాట చదువుతుంది. ఆ మాట రాసినవాడు ఆ కాక్‌పిట్‌లో ఎన్నడూ కూర్చోలేదు.

పశ్చిమ జర్మనీలో ఎఫ్-104 స్టార్‌ఫైటర్ కథ కూడా ఇలాంటిదే. 900కు పైగా కొన్నారు, దాదాపు మూడో వంతు కూలిపోయాయి, వందమందికి పైగా పైలట్లు పోయారు. అక్కడి జనం దాన్ని 'విధవలను చేసేది' అన్నారు, 'ఎర్డ్‌నాగెల్' అన్నారు, అంటే నేలలో దిగే మేకు. స్టార్‌ఫైటర్ కావాలంటే కాస్త పొలం కొనుక్కుని కూర్చుంటే చాలు, అదే వచ్చి పడుతుందని హాస్యమాడుకున్నారు. చావు మీద పుట్టిన ఈ పేర్లనూ, ఫిట్టర్ గారి చీమిడిముక్కునూ ఒకే గాటన కట్టలేం. ఎద్దుకు పేరు పెట్టేది దున్నేవాడు. గట్టు మీద నిలబడి చూసేవాడికి ఆ హక్కు లేదు.

నల్గొండ డిపో

పంతులు గారూ, ఒక్క సందేహం. గట్టు మీదివాళ్ళు శవపేటిక అని అరవకపోతే ఆ లెక్క ఎవరు అడిగేవారు? లోపలివాళ్ళ నోటికి క్రమశిక్షణ తాళం ఉంటుంది. బయటి నుంచి వచ్చే కరుకు మాటకూ ఒక పని ఉంది.

వనపర్తి పంతులు

కరుకుగా అడగండి, వద్దనను. 171 అన్న అంకెకు మించిన కరుకుదనం ఏ పేరులో ఉంది? అంకెతో అడిగితే సమాధానం చెప్పాల్సినవాడు దొరుకుతాడు. పేరుతో అడిగితే దెబ్బ నడిపేవాడి ఇంటికి తగులుతుంది.

సాగర్ ఎడమకాలువ

నాకు సాంకేతికం తెలియదు. చూసింది చెబుతాను.

విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి రెండు సీట్ల చిన్న శిక్షణ విమానాలు మా పొలాల మీదుగా తిరిగేవి. వరి కోతలప్పుడు మా పిల్లలు తలెత్తి "తూనీగ వచ్చింది" అని అరిచేవారు. ఇంట్లో మా అందరికీ అదే పేరు అలవాటైంది. 2022 ఫిబ్రవరిలో పెద్ద అడిశర్లపల్లి మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో ఒక సెస్నా విమానం కూలిపోయింది. ఒంటరిగా నడుపుతున్న శిక్షణ పైలట్, యువతి, అక్కడికక్కడే చనిపోయింది. ఆ తర్వాత మా చిన్నది తూనీగ అనడం మానేసింది. మానమని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చప్పుడు వినబడితే "విమానం" అంటుంది, కనుమరుగయ్యేదాకా చూస్తూ ఉంటుంది.

ముద్దుపేరు తప్పని నేను అనను. దానిలోపల ఒక మనిషి ఉన్నాడని గుర్తున్నంతవరకు పెట్టుకోవచ్చు.

మిర్యాలగూడ ఫిట్టర్

సాగర్ వారి మాట చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

షాద్‌నగర్ తమ్ముడికి ఒక సంగతి చెప్పాలి. మొదటిసారి రాసినప్పుడు చీమిడిముక్కు కథ సగమే చెప్పాను. లీకు కనబడిన ప్రతిసారీ ఫారం 700లో, అంటే విమానం రికార్డు పుస్తకంలో, స్నాగ్ (లోపం) అని రాశాం, ప్రతిసారీ సీలు మార్చాం. అందులో లోటు లేదు. కానీ అది ముక్కు కారే పిల్ల అని మనసులో పడిపోయింది కాబట్టి, సీలు ఎందుకు పాడవుతోందని ఒక్కరం కూడా అడగలేదు. అస్సాం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, ఆ పేరుకు అర్థం తెలియనివాడు, విప్పిన పిస్టన్ కడ్డీ మీద గోటితో తడిమి "ఇక్కడ గీత ఉంది" అన్నాడు. వెంట్రుకంత గీత. కొత్త సీలు వేసిన ప్రతిసారీ అదే దాన్ని కోసేస్తోంది. కడ్డీ మార్చాం, లీకు ఆగింది. తమ్ముడూ, మీరు చెప్పిన ప్రమాదం ఉందని ఒప్పుకుంటున్నాను.

అయితే పేరు మాత్రం ఆగలేదు. ముక్కు ఆరిపోయాక కూడా అది చీమిడిముక్కే. స్థావరం నుంచి దాన్ని పంపేసే రోజున మావాళ్ళలో ఇద్దరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంకెతో పిలిచిన విమానాల కోసం ఎవరూ ఏడవగా చూడలేదు నేను.

వనపర్తి పంతులు

ఫిట్టర్ గారి ఆ మాటకు తోడుగా ఒకటి. అమెరికా వాళ్ళ ఎఫ్-111 బాంబర్‌ను నడిపినవాళ్ళు దశాబ్దాల పాటు 'ఆర్డ్‌వార్క్' అన్నారు. చీమలు తినే పొడుగుముక్కు జంతువు అది. ప్రభుత్వం ఆ పేరును ఎక్కడా రాయలేదు. 1996లో విమానాన్ని విరమింపజేసే సభలో మాత్రం అదే దాని అధికారిక నామమని ప్రకటించారు. 2022 డిసెంబరులో మన శంషాబాద్‌లో దిగిన ఎయిర్‌బస్ రవాణా విమానం బెలూగాకు కూడా కంపెనీ మొదట పెట్టిన పేరు సూపర్ ట్రాన్స్‌పోర్టర్. దాని ఆకారం చూసి జనం బెలూగా తిమింగలం అన్నారు. కంపెనీ చివరికి ఆ పేరే ఖాయం చేసుకుంది. తర్వాత వచ్చిన బెలూగా ఎక్స్‌ఎల్ ముక్కు మీద కళ్ళూ, నవ్వే మూతీ గీయించింది. ప్రేమతో పెట్టిన పేరు ఎగతాళిగా మొదలైనా నిలబడుతుంది.

షాద్‌నగర్ లైసెన్స్

ఫిట్టర్ గారూ, ఆ గీత సంగతి దాచుకోకుండా చెప్పినందుకు మీకు నమస్కారం. నా షరతు ఒక్కటే. పేరు నోట్లో ఉండవచ్చు, లాగ్‌బుక్‌లోకి మాత్రం రాకూడదు. అక్కడ విమానం రిజిస్ట్రేషన్ అక్షరాలూ, లోపం ఉన్న భాగమూ, అది ఎన్నోసారి వచ్చిందో ఆ లెక్కా ఉండాలి. మూడోసారి వచ్చిన స్నాగ్‌ను కొత్త కళ్ళున్నవాడితో చూపించాలి.

దేవరకొండ ఆడపడుచు

ఇదంతా తమ్ముడికి చదివి వినిపించాను. 'ముసలమ్మ' అనే పేరు ఎందుకు వచ్చిందో వాడికే తెలియదట. కనుక్కుంటానన్నాడు, పాత స్నాగ్‌లు కూడా వెనక్కి తిరగేస్తానన్నాడు.

నాన్నకు చీమిడిముక్కు కథ, అస్సాం కుర్రాడి కథ రెండూ చెప్పాను. మౌనంగా విన్నారు. ముక్కు తుడిచినవాడు ఏ పేరైనా పెట్టుకోవచ్చన్నారు. పండుగ రోజు మాత్రం కుంకుమ పెట్టేటప్పుడు దాని అసలు పేరుతోనే పిలవాలట. ఆ ఒక్కటి వదులుకోనన్నారు.