చూపు తగ్గిన నాయనమ్మకు లేని మనుషులు కనిపిస్తున్నారు, మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా ఉందా?

అందరికీ నమస్కారం. మేముండేది మల్కాజిగిరిలో. మా నాయనమ్మకు వయసుతో పాటు రెటీనా దెబ్బతిని, రెండు కళ్లలోనూ నడిమధ్య చూపు దాదాపు పోయింది. ఈమధ్య పొద్దుగూకితే చాలు, లేనివి కనిపిస్తున్నాయి. "గోడ మీద ముగ్గు ఎవలేసిండ్రురా, గింత మంచిగున్నది" అనడంతో మొదలైంది. ఇప్పుడు తలపాగాలు చుట్టుకున్న పొట్టి పొట్టి మనుషులు మంచం పక్క నుంచి వరసగా పోతుంటారట. మాట్లాడరు, ఈమె వైపు చూడరు. వాళ్లు నిజం కాదని ఆమెకే తెలుసు. మతిమరుపు అసలే లేదు, చిట్టీ లెక్కలు ఇప్పటికీ నోటితోనే చెప్తుంది.

కళ్ల డాక్టర్ దీన్ని చార్లెస్ బొనే సిండ్రోమ్ అన్నారు. కంటి నుంచి వచ్చే సమాచారం తగ్గితే మెదడు వెనక భాగంలోని దృష్టి కేంద్రం ఊరుకోదు, తనంతట తానే బొమ్మలు కల్పిస్తుందట. శుక్లాలతో చూపు మందగించిన తన తాతకు ఇలాంటివే కనిపించేవని స్విట్జర్లాండ్‌కు చెందిన బొనే 1760లోనే రాశాడు. పిచ్చి కాదు, దయ్యం కాదు. మా మేనత్త వింటేగా! గాలి సోకిందని తాయెత్తు కట్టించింది.

లైటు వేస్తే, కళ్లు గబగబా అటూ ఇటూ తిప్పితే బొమ్మ చెదిరిపోతుందన్నారు. లైటు పనిచేస్తోంది, రెండోదానికి ఆమె విసుక్కుంటోంది. మీవాళ్లకు ఎన్నాళ్లకు తగ్గింది? బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో లో విజన్ (చూపు బాగా తగ్గినవాళ్ల) విభాగానికి వెళ్లినవాళ్లుంటే అక్కడ ఏం చేస్తారో చెప్పండి. మేనత్తకు చూపించడానికి తెలుగులో మంచి వీడియో ఉన్నా పంపండి, అది మరీ అర్జెంటు.