పాత పడవ ఇంజిన్ సెల్ఫ్ తీయడం లేదు: కొత్త బ్యాటరీ వేసినా “టక్”మనే చప్పుడే

భావనపాడు పడవ:
అందరికీ నమస్కారం. మాది సంతబొమ్మాళి మండలం. విశాఖలో పాతదిగా కొన్న మా పడవలో రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉంది, దానికి 12 వోల్టుల సెల్ఫ్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో పడవను ఉప్పుటేరు గట్టున కట్టి ఉంచాము. నిషేధం ముగిశాక తాళం తిప్పితే “టక్”మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోయింది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేస్తే రెండు రోజులు బాగానే తీసింది, మూడో రోజు మళ్లీ అదే చప్పుడు. లైట్లు బాగా వెలుగుతున్నాయి. సెల్ఫ్ మోటారు దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టినా నిండుగా వెలుగుతోంది. మొన్న మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి వల లాగిన తరువాత ఇంజిన్ అందుకోలేదు. సిలిండర్‌లో ఒత్తిడి వదిలించే డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్‌తో తిప్పి బయటపడ్డాము గానీ, అప్పుడు పడవలో మా నాన్నగారు కూడా ఉన్నారు, ఆ అరగంట నేను మరచిపోలేను. సెల్ఫ్ మోటారు మార్చెయ్యమంటున్నారు. అంత ఖర్చు పెట్టేముందు తెలిసినవారిని అడుగుతున్నాను.

చింతపల్లి తీరం:
మాది విజయనగరం జిల్లా, పూసపాటిరేగ వైపు. నా పాత పెట్రోల్ ఇంజిన్‌లో తాళం తిప్పితే అసలు చప్పుడే వచ్చేది కాదు. గేరు న్యూట్రల్‌లో ఉంటేనే సెల్ఫ్‌కు కరెంటు వదిలే చిన్న స్విచ్ తుప్పు పట్టడమే అందుకు కారణం. గేరు లివర్‌ను కాస్త అటూ ఇటూ కదిపితే పనిచేసేది, అలా దొరికింది. అయితే మీకు “టక్” వినిపిస్తోందంటే తాళం, న్యూట్రల్ స్విచ్ దాటి కరెంటు సోలినాయిడ్ (మోటారుకు పెద్ద కరెంటు వదిలే స్విచ్) దాకా వస్తున్నట్లే కాబట్టి, నా జబ్బు మీది కాదనుకుంటాను. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే సోలినాయిడ్ రెండు బోల్టులను కలిపి చూడండి, మోటారు తిరిగితే సోలినాయిడ్‌దే లోపం.

కళింగపట్నం డీజిల్ పని:
తమ్ముడూ, ఆ స్క్రూడ్రైవర్ పని పడవలో చేయవద్దు. కారులో బానెట్ తెరిస్తే గాలి ఆడుతుంది, పడవలో మాత్రం అడుగున పెట్రోల్ ఆవిరి గానీ, ఇంజిన్ గది పైభాగాన ఛార్జింగ్‌లో బ్యాటరీ విడిచే హైడ్రోజన్ గానీ నిలిచి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా గేరు పడి ఉంటే పడవ ఒక్కసారిగా ముందుకు దూకుతుంది.

భావనపాడు వారికి: హ్యాండిల్‌తో ఇంజిన్ తిరిగిందన్నారు, అది మంచి సమాచారం. నేను ఎవరి పడవ ఎక్కినా కరెంటు సంగతికి ముందు ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూస్తాను. పొగ గొట్టంలోకి సముద్రపు నీరు వదిలే ఇంజిన్లలో, అది అందుకోకపోయినా పదేపదే సెల్ఫ్ కొడుతూ ఉంటే, పంపు లాగిన నీరు బయటకు నెట్టే పొగ లేక సైలెన్సర్ నిండి సిలిండర్‌లోకి వెనుదిరుగుతుంది. అప్పుడు కూడా “టక్”మనే వినిపిస్తుంది, బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందువల్ల ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టవలసి వస్తే నీటి వాల్వు మూసి, ఇంజిన్ అందుకున్న వెంటనే తెరవాలి. ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు మోటారును చల్లారనివ్వాలి.

శ్రీకాకుళం ఆటో ఎలక్ట్రీషియన్:
టెస్ట్ ల్యాంప్ వెలిగింది కాబట్టి కరెంటు సరిగా అందుతోందని అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు, మొదట్లో నేనూ తప్పాను. ఆ బల్బు లాగేది ఒకటి రెండు ఆంపియర్లు. మీ డీజిల్ ఇంజిన్ సెల్ఫ్ లాగేది 200 ఆంపియర్లకు పైమాట. ఒక జాయింట్‌లో 0.01 ఓం నిరోధం ఉందనుకోండి, బల్బుకు పోయే వోల్టేజి కంటికి తెలియదు, అదే 200 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే వేడిగా పోతుంది. కనుక సెల్ఫ్ కొడుతున్న క్షణంలో కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

ఇంజిన్ అందుకోకుండా స్టాప్ లివర్ లాగి పట్టుకుని, గేరు న్యూట్రల్‌లో ఉంచి, మరొకరిని తాళం తిప్పమనండి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి నాలుగు కొలతలు తీయండి: బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య, బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టుకు, బ్యాటరీ నెగెటివ్ నుంచి మోటారు ఒంటికి, చివరగా మోటారు బోల్టుకూ ఒంటికీ మధ్య. మీటరు మొనను క్లాంపు మీద కాక సీసపు ధ్రువం మీదే ఆనించండి, లేకపోతే క్లాంపు కింద ఉన్న లోపం లెక్కలోకి రాదు. పాజిటివ్ దారిలో 0.5 వోల్టు, ఎర్త్ దారిలో (బ్యాటరీ నెగెటివ్ నుంచి మోటారు ఒంటి దాకా) 0.2 లేదా 0.3 దాటితే ఆ దారిలో దోషం ఉన్నట్లే. మోటారుకు 10 వోల్టులు అందుతున్నా అది తిరగకపోతే అప్పుడు కార్బన్ బ్రష్‌లు, ఆర్మేచర్, బుష్‌లు చూడాలి.

బారువ నుంచి:
ఒక్క మాట కలుపుతాను. నిషేధం రోజుల్లో బ్యాటరీని వాడకపోయినా మే ఎండలకు తనంతట తానే దిగిపోతుంది. నేను కనెక్షన్ విప్పి ఇంటికి తెచ్చి, నెలకొకసారి ఛార్జింగ్ పెడతాను. ఆ తరువాత కొన్ని గంటలు ఆగి చూస్తే 12.6 వోల్టులు, బ్యాటరీ ఆమ్లం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌లో 1.265 దగ్గర ఉండాలి. 12.2 కనిపిస్తే సగం ఖాళీ అయినట్లే, అలా వదిలేస్తే పలకలు గట్టిపడిపోతాయి.

భావనపాడు పడవ:
చెప్పినట్లే కొలిచాను. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ దగ్గర 11.9, పాజిటివ్ దారిలో 0.4, ఎర్త్ దారిలో 4.1, మోటారుకు అందుతున్నది 7.4.

శ్రీకాకుళం ఆటో ఎలక్ట్రీషియన్:
0.4, 4.1, 7.4 కలిపితే సరిగ్గా 11.9 వచ్చింది, మీ కొలతలను నమ్మవచ్చు. కొత్త బ్యాటరీ ఇచ్చిన దానిలో మూడో వంతుకు పైగా ఎర్త్ దారే మింగేస్తోంది. మోటారు కొనవద్దు. ఎర్త్ కేబుల్ రెండు చివరలా విప్పి, కొస దగ్గర తొడుగు కోసి లోపల చూడండి. బ్యాటరీ మార్చినప్పుడు ఆ క్లాంపు కాస్త కదిలి రెండు రోజులు పనిచేసి ఉంటుంది.

భావనపాడు పడవ:
ఈ రోజు విప్పాను. పైకి కేబుల్ నిగనిగలాడుతోంది. లగ్గు (కేబుల్ కొసన బోల్టుకు బిగించే లోహపు ముక్క) దగ్గర రెండు అంగుళాలు తొడుగు కోస్తే లోపలి రాగి తీగలు నల్లబడి, పచ్చటి చిలుముతో చేతిలో పొడిగా రాలాయి. నౌపడ ఉప్పు మడుల మీదుగా వచ్చే గాలికి మా ఇంటి తలుపు గడియలే నిలవవు, తొడుగు లోపలికి కూడా ఉప్పు ఇంత దూరం పాకుతుందని నాకు తెలియదు. తగరం పూత ఉన్న రాగి కేబుల్, 35 చదరపు మిల్లీమీటర్లది తెచ్చి, లగ్గులు ప్రెస్ చేయించి వేశాను. ఇప్పుడు ఎర్త్ దారిలో 0.15, పాజిటివ్‌లో 0.35, మోటారుకు 10.4. ఇంజిన్ రెండో చుట్టులోనే అందుకుంది. అయితే సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గర ఇంతకు ముందు 11.9 ఉండేది, ఇప్పుడు 10.9కి దిగుతోంది. ఇది కొత్త సమస్యా?

శ్రీకాకుళం ఆటో ఎలక్ట్రీషియన్:
కాదండి. ఇంతకు ముందు చిలుము అడ్డం పడి మోటారుకు కావలసినంత కరెంటు అందలేదు కనుక బ్యాటరీకి శ్రమ లేదు. ఇప్పుడు మోటారు తన పాలు తాను లాగుతోంది. 9.6కు దిగువకు పడితే మాత్రం బ్యాటరీని పరీక్షించాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 మధ్య ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

కళింగపట్నం డీజిల్ పని:
ఎర్త్ లగ్గును ఇంజిన్‌కు బిగించే చోట రంగు గీకి మెరిసే ఇనుము కనిపించాక బిగించండి. బిగించిన తరువాతే పెట్రోలియం జెల్లీ పూయాలి, ముందు పూస్తే కలయిక సరిగా ఉండదు. పాజిటివ్ కేబుల్ కూడా ఆ వయసుదే అయితే దాన్నీ ఇప్పుడే మార్చండి.

భావనపాడు పడవ:
ఛార్జింగ్ 14.1 చూపిస్తోంది. పాజిటివ్ కేబుల్ ఈ ఆదివారం మారుస్తాను. హ్యాండిల్‌ను మాత్రం పడవలోంచి దించడం లేదు. మీ అందరికీ నా నమస్కారాలు.