శాన్ స్టార్మ్ ఎడమ ముందు భాగం పగిలింది: ఉన్న ముక్కలనే అతికించవచ్చా, కొత్తది పోయించాలా?

హెబ్బాళవాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2001లో ఇష్టపడి కొనుక్కున్న పసుపు రంగు శాన్ స్టార్మ్ ఇప్పుడు నా దగ్గర ఉంది. తెలియనివారి కోసం చెబుతున్నాను: ఇది మన బెంగళూరు కంపెనీ గోవాలో తయారు చేయించి, 1998లో తొలిసారి విడుదల చేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. లోపల 1149 సీసీ రెనో పెట్రోలు ఇంజను ఉంటుంది, పైన ఇనుప రేకుకు బదులు ఫైబర్ గ్లాస్ బాడీ ఉంటుంది. నాన్నగారు పోయిన తరువాత కూడా నెలకు రెండు ఆదివారాలైనా దీన్ని బయటికి తీయడం మానలేదు.

పోయిన నెలలో దేవనహళ్లి వైపు నుంచి తిరిగి వస్తుండగా, హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర సర్వీసు రోడ్డులోంచి ఒక సరుకుల టెంపో చూసుకోకుండా ముందుకు వచ్చి ఎడమ ముందు మూలను గుద్దింది. నాకు గాని, పక్కన కూర్చున్న మా అమ్మాయికి గాని దెబ్బ తగలలేదు. కారుకు మాత్రం చక్రం పైన ఉండే మడ్‌గార్డు భాగం మూడు ముక్కలై రోడ్డు మీద పడింది, హెడ్‌లైటు గూడు చీలింది, బానెట్ మూల జానెడు మేర పగిలింది. టెంపో తాకని ఎడమ తలుపు మీద కూడా సాలెగూడు లాంటి సన్నని గీతలు కనిపిస్తున్నాయి. రోడ్డు మీద పడినవన్నీ, గోరంత ముక్కలతో సహా ఏరి, గోనెసంచిలో వేసి ఇంటికి తెచ్చాను.

ఇద్దరికి చూపించాను. మొదటి వర్క్‌షాపువారు వెనక ఒక పట్టీ వేసి, పైన లప్పం పెట్టి, బండి మొత్తానికి రంగు కొట్టి పది రోజుల్లో ఇస్తామన్నారు. రెండో ఆయన ఆ ముక్కలు దేనికీ పనికిరావని, మిగిలినదాన్ని కూడా కోసి తీసేసి కంటి అంచనాతో కొత్తది చేయాలని అన్నారు. కంపెనీ విడిభాగాలు దొరికే ఆశ లేదు. బీమా సర్వేయర్ నివేదిక ఇంకా రాలేదు కాని, బండి విలువకు మించి ఖర్చవుతుందేమో అన్నట్టు మాట్లాడారు. ఈ పని తెలిసినవారు దయచేసి చెప్పండి: ఆ ముక్కలకు మళ్లీ ప్రాణం పోయవచ్చా? రంగు మొత్తానికి వేయించాలా, ముందు భాగానికి చాలా?

పీణ్య ఫైబర్ పనివాడు:

ముక్కలు ఏరి తెచ్చి చాలా మంచి పని చేశారు. వాటిని కడగకండి, పారేయకండి. అంచులు ఎంత చిరిగినట్టు ఉంటే, ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడు అంత కచ్చితంగా కూర్చుంటాయి.

అయితే బాడీ కంటే ముందు లోపలి ఇనుము సంగతి చూడాలి. ఇనుప రేకు దెబ్బ తింటే ముడుచుకుని అలాగే ఉండిపోతుంది కాబట్టి దెబ్బ ఎటు వెళ్లిందో రేకే చెబుతుంది. ఫైబర్ అలా కాదు. అది వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది, లేదా పగులుతుంది. రెండు సందర్భాల్లోనూ వెనక ఉన్న ఇనుము వంగిందో లేదో పైకి తెలియదు. ముందు సస్పెన్షన్ బిగించే చోట్ల నుంచి ఎదురు మూలలకు టేపు పెట్టి కొలిపించండి, వీల్ అలైన్‌మెంట్ లెక్కల కాగితం తీసుకోండి. ఇనుము సరిగా లేకుండా ఫైబర్ అతికిస్తే, తలుపు సందులు ఎన్నటికీ సమానంగా రావు.

ఇక లప్పం గురించి. ఫైబర్ గ్లాస్‌కు బలం గాజు పోగులది. రెజిన్ అనే గట్టిపడే ద్రవం ఆ పోగులను పట్టి ఉంచుతుంది, అంతే. పగులు అంటే పోగులు తెగాయని అర్థం. తెగిన పోగుల మీద లప్పం నింపి రంగు వేస్తే, బండి నాలుగు గుంతల్లో కదలగానే అదే గీత మళ్లీ పైకి వస్తుంది. పది రోజుల్లో ఇస్తామన్నవారి పని మీద నాకు నమ్మకం కలగకపోవడానికి కారణం ఇదే. సరైన పద్ధతిలో పగులుకు రెండు వైపులా పొరను వాలుగా అరగదీయాలి. ఆ వాలు పొర మందానికి పన్నెండు రెట్లు ఉండాలని మేము లెక్క పెట్టుకుంటాము. పొర 3 మిల్లీమీటర్లయితే ఒక్కో వైపు 36 మిల్లీమీటర్లు. ఆ వాలు మీద చిన్న వస్త్రం ముక్కతో మొదలుపెట్టి, దాని మీద కొంచెం పెద్దది, ఆ పైన ఇంకా పెద్దది వేసుకుంటూ పోతే కొత్త పోగులు పాత పోగులను విశాలంగా పట్టుకుంటాయి. ఈ పని వీలైనంత వరకు వెనక వైపు నుంచే జరగాలి.

పాలిఎస్టర్, ఎపాక్సీ అని రెండు రకాల రెజిన్లు ఉన్నాయి, వాటి విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఎప్పుడో గట్టిపడిన పాత పాలిఎస్టర్ మీద కొత్త పాలిఎస్టర్ కంటే ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది. కాని ఎపాక్సీ వాడితే మామూలు చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (తరిగిన గాజు పోగులను జిగురుతో పరచిన చాప) వాడకూడదు, ఎందుకంటే ఆ మ్యాట్‌ను కలిపి ఉంచే జిగురు పాలిఎస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకంలో కరుగుతుంది గాని ఎపాక్సీలో సాధారణంగా కరగదు. అందువల్ల పోగులు సరిగా తడవవు. దానికి నేసిన గాజు వస్త్రం కావాలి. మీ పనివారు ఏ రెజిన్‌తో ఏ వస్త్రం వాడతారో అడిగి చూడండి. పని తెలిసినవారయితే వెంటనే కారణంతో సహా చెబుతారు.

తలుపు మీది సాలెగూడు గీతలు పై పొర అయిన జెల్‌కోట్‌లో మాత్రమే ఉన్నాయా, లోపలికి దిగాయా అన్నది రంగు తీస్తే గాని తెలియదు. రంగును ఉప్పు కాగితంతోనే తీయించండి. ఇనుప బండ్లకు పూసే రంగు తీసే రసాయనం పాలిఎస్టర్‌ను కూడా మెత్తబరుస్తుంది; దాన్ని దగ్గరికి రానివ్వకండి.

కంటి అంచనాతో కొత్తది చేస్తామన్నది నాకు నచ్చలేదు. కుడి వైపు నుంచి అచ్చు తీసినా అది అద్దంలో బొమ్మలాగే వస్తుంది, ఎడమకు పనికిరాదు. ఇదే బండి ఉన్న మరొకరు తమ ఎడమ మడ్‌గార్డు మీద అచ్చు తీసుకోనిస్తే అంతకంటే మంచిది లేదు. ఆ అచ్చులో మీ పాత ముక్కలను ముఖం కిందికి పెట్టి పరిచి, వెనక నుంచి పొరలు వేస్తే, పాత బాడీ మిగులుతుంది, రూపమూ తప్పదు.

జయనగర రంగుల పని:

పసుపు రంగుకు కప్పే శక్తి తక్కువ. కింద బూడిద రంగు ప్రైమర్ ఒక చోట, తెల్లది ఒక చోట ఉంటే పైన ఎన్ని పూతలు వేసినా రెండు రకాల పసుపు కనిపిస్తుంది. మరమ్మతు చేసిన చోట, చేయని చోట కింది రంగు ఒకటే అయ్యేట్టు మొదట సమం చేయాలి. అలాగే ఇరవై ఏళ్లు దాటిన పక్క భాగాన్ని పాలిష్ చేసి, ఎండకు మాడిన పై పొర పోయాకనే రంగు పోల్చుకోవాలి. చిన్న అట్ట మీద కొట్టి, ఆరనిచ్చి, మధ్యాహ్నం ఎండలోనూ, సాయంత్రం ట్యూబులైటు కిందా బండి పక్కన పెట్టి చూడండి. ఒక వెలుతురులో కలిసిన రంగు మరో వెలుతురులో విడిపోవచ్చు.

ఫైబర్ పని పూర్తయిన మరునాడే రంగు వేయనివ్వకండి. రెజిన్ నెమ్మదిగా ఇంకా కుదించుకుంటూనే ఉంటుంది. తొందరపడితే కొన్ని వారాల తరువాత ఎండలో నిలబెట్టినప్పుడు గాజు వస్త్రం నేత గళ్లు రంగులోంచి పైకి కనిపిస్తాయి. నేనయితే ప్రైమర్ వేసి రెండు, మూడు వారాలు పగలు ఎండలో ఉంచి, మళ్లీ రుద్ది, అప్పుడు రంగు వేస్తాను. రంగు వేసే బూత్‌లో (మూసిన గదిలో) ఇనుప బండికి పెట్టే 60 డిగ్రీల వేడి కూడా దీనికి వద్దు. పొరల మధ్య ఎక్కడైనా గాలి చిక్కుకుని ఉంటే అది వ్యాకోచించి బుడగలు లేస్తాయి. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఆరనివ్వాలి.

నా అభిప్రాయంలో బండి మొత్తానికి అక్కరలేదు. బానెట్, మడ్‌గార్డు, తలుపు చేసి, తలుపు మీద రంగును వెనక్కి వెళ్లేకొద్దీ పలుచబరచి, పైన వేసే పారదర్శక పూత, క్లియర్‌ను మాత్రం తలుపు అంచు దాకా తీసుకెళితే కన్ను పట్టుకోలేదు. మీ నాన్నగారి కాలం నాటి రంగు మిగిలిన చోట దాన్ని మిగలనివ్వండి.

పాతబండ్ల అభిమాని, మైసూరు రోడ్డు:

పై మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. పాత పసుపు ఏటేటా ఇంకా పాలిపోతుంది, కొత్తది అదే వేగంతో పాలిపోదు. ఈరోజు కలిసిన రంగు నాలుగేళ్లకు విడిపోతుంది. స్తోమత ఉంటే ఒకేసారి మొత్తం చేయించడం మేలు.

జయనగర రంగుల పని:

ఎండలో ఉండే బండికి మీరన్నది నిజమే. ఇది కప్పు కింద ఉండి, నెలకు రెండుసార్లు బయటికి వచ్చే బండి. అదీకాక, ఫైబర్ మీద రంగు మందం అయస్కాంతపు గేజీతో కొలవలేము కాబట్టి, కింద ఎన్ని పాత పూతలు ఉన్నాయో తెలియకుండా మొత్తం మీద మరో మూడు పూతలు వేయడానికి నాకు మనసొప్పదు. మందమెక్కిన రంగు ఫైబర్ వంగినప్పుడు పగులుతుంది.

విశ్రాంత సర్వేయర్:

మొదట పాలసీలో ఐడీవీ, అంటే బండికి బీమా చేసిన విలువ, ఎంత రాసి ఉందో చూడండి. ఐదేళ్లు దాటిన బండికి ఆ విలువ పట్టిక ప్రకారం రాదు. కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్న అంకె అవుతుంది. మరమ్మతు ఖర్చు అందులో 75 శాతం దాటితే పూర్తి నష్టంగా లెక్కిస్తారు. ప్రీమియం తగ్గుతుందని అరుదైన బండ్లకు తక్కువ విలువ రాయించుకున్నవారిని నేను చాలామందిని చూశాను. ప్రమాదం తరువాత వారు పడిన బాధా చూశాను.

మీకు అనుకూలమైన సంగతి ఒకటి ఉంది. తరుగు, అంటే భాగం పాతబడినందుకు బీమా కంపెనీ తగ్గించుకునే మొత్తం, మార్చిన భాగాల ధర మీదే పడుతుంది: ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం, పదేళ్లు దాటిన బండి ఇనుప భాగాలకు 50 శాతం. అద్దాలకు తరుగు లేదు. పాత ముక్కలను అతికించే కూలి మీద కూడా తరుగు ఉండదు. రంగు బిల్లు మొత్తంగా ఇస్తే అందులో 25 శాతాన్ని సామగ్రిగా తీసుకుని, దానిలో సగం తగ్గిస్తారు; 60,000 రూపాయల బిల్లుకు 7,500 మీరు భరించాలి. 1500 సీసీ లోపు కారు కనుక తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిములో మీరే భరించాల్సినది, మరో 1,000. దెబ్బ తగలని భాగాలకు వేయించే రంగు పూర్తిగా మీ ఖర్చే. మరమ్మతు అంచనాను కూలి వేరుగా, సామగ్రి వేరుగా రాయించి సర్వేయర్‌కు ఇవ్వండి. ఆయన చూసేదాకా ఏ పనీ మొదలుపెట్టకండి.

అడయారు స్టార్మ్, చెన్నై:

నా దగ్గర ఎరుపు స్టార్మ్ ఉంది. సముద్రపు గాలికి రంగు పొక్కులు లేచింది, వచ్చే నెలలో మొత్తం రుద్దించి మళ్లీ వేయించబోతున్నాను. అందువల్ల అచ్చు తీసేటప్పుడు రెజిన్ తగిలి రంగు పాడైనా నాకు నష్టం లేదు. ఎడమ మడ్‌గార్డు, హెడ్‌లైటు గూడు రెండింటికీ అచ్చు తీసుకోండి. ఆ అచ్చు మీ దగ్గరే భద్రంగా ఉంచి, రేపు మరెవరికైనా అవసరమైతే ఇవ్వండి. నేను కోరేది అదే.

ఇంకొక మాట. ఫైబర్‌లో విద్యుత్తు పారదు కాబట్టి ప్రతి దీపానికీ వేరే ఎర్త్ తీగ ఉంటుంది. నా బండి ఒకసారి మరమ్మతయ్యాక ఎడమ దీపం మసకగా వెలిగింది; బల్బు మార్చారు, రిలే మార్చారు, చివరికి చూస్తే ఎర్త్ తీగ కొసను రంగు మీద బిగించారు. మీ మెకానిక్‌కు ముందే చెప్పండి.

హెబ్బాళవాసి:

అందరికీ చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. నిన్న కొలతలు తీయించాను: ఎడమ వైపు ఎదురు మూల కొలత 6 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. లప్పం పెట్టి పది రోజుల్లో బండి తెచ్చుకుని ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. ముందు ఆ ఇనుము సరిచేయిస్తాను. అంచనా రెండు భాగాలుగా రాయించి సర్వేయర్‌కు పంపాను. ఐడీవీ చూశాను, నేనూ తక్కువే రాయించాను, అయినా కూలి వేరుగా రాసిన తరువాత ఖర్చు 75 శాతం లోపే ఉంది.

పీణ్య గారు, అచ్చు తీయడానికి మైనం, విడిపించే ద్రవం, జెల్‌కోట్ ఎంతెంత తీసుకురావాలో చెప్పగలరా? మీకు వీలైతే చెన్నైకి మనిద్దరం కలిసి వెళదాం, ప్రయాణం ఏర్పాట్లు నేను చూసుకుంటాను. అడయారు గారు, వచ్చే నెల మొదటి శనివారం ఉదయం మీ ఇంటికి రావచ్చా? గోనెసంచి కూడా వెంట తెస్తాను. ముక్కలు మీ మడ్‌గార్డు మీద ఆనించి చూసుకుంటే, ఏదైనా లోటు ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.