ద్వేష హింసని ఆపడం మీద ఆదివారం మీటింగ్: హాలు ఇవ్వనంటున్నారు, అర్జెంట్

నల్లకుంట అక్క, గురువారం రాత్రి 9:10
హాలాయన ఫోన్ చేశాడు. బ్యానర్ మీద 'ద్వేష హింస' అని చూశాడట. ఇది రాజకీయ మీటింగ్, పోలీసు పర్మిషన్ తెస్తేనే తాళం ఇస్తానంటున్నాడు. టిఫిన్లు, కండువాలు, మైకు లిస్టు పంపాను కదా, ముందు ఇది తేల్చండి.

డల్లాస్ బావగారు, 9:24
'ఆరోగ్య సదస్సు' అని మార్చేస్తే పోలా?

మలక్‌పేట తమ్ముడు, 9:26
అందరూ షుగర్ చూపించుకోవడానికి వస్తారు.

డల్లాస్ బావగారు, 9:31
జోకు కాదు, అబద్ధమూ కాదు. హింస ప్రజారోగ్య సమస్యేనని ప్రపంచ ఆరోగ్య సభ 1996లోనే తీర్మానించింది. స్లట్కిన్ అనే అంటువ్యాధుల డాక్టరు షికాగోలో 2000లో మొదలుపెట్టిందీ అదే దారి. గొడవ రాజుకుంటుండగానే, ఆ పేటలో మాట చెల్లే మనిషి వెళ్లి చల్లారుస్తాడు.

మలక్‌పేట తమ్ముడు, 9:40
పిల్లల్ని అమెరికా పంపే అమ్మానాన్నలు వచ్చేది అక్కడి కాన్సస్ రాష్ట్రంలో జరిగిన సంగతి వినడానికి. 2017 ఫిబ్రవరి 22న అక్కడ ఒలేతా ఊళ్లో ఒక బార్‌లో ఒక తెల్లవాడు మనవాళ్లని ముందు తిట్టాడు. బయటికి పంపేశారు. తుపాకీతో తిరిగొచ్చాడు. మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ పోయాడు. ఆ తిట్టుకీ తూటాకీ మధ్య ఉన్న టైమే మన సబ్జెక్టు. పేరే దాచేసి ఏం చెప్తాం? అంత దూరం కూర్చుని బ్యానర్లు మార్చడం తేలికే.

డల్లాస్ బావగారు, 9:43
అంత దూరమా? ఆ వారం మేం షాపులో తెలుగు మాట్లాడాలంటే వణికాం. నీకేం తెలుసు?

నల్లకుంట అక్క, 9:50
ఇద్దరూ ఫోన్లు పక్కన పెట్టి పడుకోండి.

మలక్‌పేట తమ్ముడు, శుక్రవారం పొద్దున 11:15
సారీ బావగారూ, నోరు జారాను. నాన్న పొద్దున్నే హాలాయన దగ్గరికి వెళ్లారు. 1990 డిసెంబరు మత అల్లర్ల కర్ఫ్యూలో పుకారు లేచినప్పుడల్లా పక్కింటి చాచాతో కలిసి గడపగడపకీ తిరిగిన మనిషి కదా, ఊరుకోరు. సంగతేంటంటే, పోయినేడు ఎవరిదో పార్టీ మీటింగ్‌లో అద్దాలు పగిలాయట, డబ్బు ఈయనే కట్టుకున్నాడు. హాలు ఇవ్వడు. కుర్చీలు మాత్రం 60 తీసుకెళ్లమన్నాడు. మా డాబా మీద పెట్టేద్దాం.

డల్లాస్ బావగారు, 11:32
నేనూ వేడిలో అన్నాలే. బ్యానర్ మార్చొద్దు. ముందు మీ నాన్నగారినే మాట్లాడించండి, మనం పిలిచిన డాక్టరుగారు తర్వాత.

నల్లకుంట అక్క, 11:40
డాబా మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వచ్చేవాళ్లలో సగం మంది మోకాళ్లు పట్టుకునేవాళ్లే.

మలక్‌పేట తమ్ముడు, 11:44
అయితే సెల్లార్. బండ్లు తీయమని అడుగుతా.

నల్లకుంట అక్క, 11:52
కుర్చీలకి ట్రాలీ ఆటో ఎవరు మాట్లాడతారు?