వావెల్ కోటలోని బైబిల్ తెరలు పోలండ్‌వా, బ్రస్సెల్స్‌వా?

విస్తులా తీరం:
క్రాకో నగరంలోని వావెల్ కోటలో పోలండ్ రాజు రెండవ సిగిస్మండ్ ఆగస్టస్ నేయించిన, గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలున్నాయి. ఆదాము హవ్వలు, నోవహు ఓడ, బాబెలు గోపురం. ఇక్కడ చదివే మన విద్యార్థులకు వీటిని పోలండ్ నేత అనే చూపిస్తాను. అది తప్పని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. మీరేమంటారు?

పడుగుపేక:
తప్పే. అవి 16వ శతాబ్దం మధ్యలో బ్రస్సెల్స్ మగ్గాల మీద నేసినవి. బైబిల్ ఘట్టాలకు నమూనాలు గీసిన మిహీల్ కాక్సీ కూడా ఫ్లెమిష్, అంటే ఇప్పటి బెల్జియం ప్రాంతపు చిత్రకారుడే. ఎర్ర డాలు, దానికి అటూ ఇటూ రెండు ‘బి’ అక్షరాలు: 1528 నుంచి బ్రస్సెల్స్ నేతకు ఈ గుర్తు ఉండాలని నియమం. తెర అంచు చూస్తే చాలు.

వేపచెట్టు:
అంచు దాకా మనల్ని రానిస్తారా అక్కడ?

విస్తులా తీరం:
అంచు పట్టుకుని వేలాడకండి. డబ్బు రాజుది, కోరిక రాజుది. 1553లో ఆయన పెళ్లికి వీటినే గోడలకు కట్టారు. కొన్నింటి మీద ఆయన పొడి అక్షరాలూ ఉన్నాయి. తన తర్వాత చెల్లెళ్లకు, వారి తర్వాత రాజ్యానికి చెందాలని 1571లో వీలునామా రాశాడు. 1795లో పొరుగు రాజ్యాలు పంచుకుని పోలండ్ దేశమే లేకుండా పోయినప్పుడు రష్యా ఎత్తుకుపోయింది. 1921లో సోవియట్ రష్యాతో కుదిరిన రీగా శాంతి ఒప్పందం తర్వాత గానీ తిరిగి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ కెనడా దాకా వెళ్లి 1961లో ఇల్లు చేరాయి. ఇంత జరిగాక కూడా పరాయివేనా?

పడుగుపేక:
నేనన్నది ఎవరు నేశారని. మీరు చెప్పింది ఎవరు దాచుకున్నారని.

గోరింట:
పోలండ్ చేతి నేతే కావాలంటే ఈశాన్య పోలండ్‌లోని పొద్లాషె ప్రాంతంలో యానూఫ్ పల్లె స్త్రీలు జోడు పడుగులతో (రెండు వరసల నిలువు పోగులతో) నేసే ఉన్ని వస్త్రం చూడండి. ఒకవైపు నలుపు మీద తెల్ల చెట్టు ఉంటే, తిప్పితే తెలుపు మీద నల్ల చెట్టు.

విస్తులా తీరం:
బాగుంది కానీ ఇక్కడి మాట అది కాదు. పడుగుపేక గారూ, మీరు ఆ తెరలను ఒక్కసారైనా కళ్లతో చూశారా?

పడుగుపేక:
చూడలేదు. మగ్గం ముందు పుట్టాను. ఆ తెరల్లో పేక, అంటే అడ్డపోగు, ఈ అంచు నుంచి ఆ అంచుకు సాఫీగా పోదు. హవ్వ చెంప మీద రంగు ఎంత మేర ఉంటే అంత మేరే పోగు పోవాలి, అక్కడే వెనక్కి తిరగాలి. పైగా నేసేవాడి కళ్లముందు ఉండేది వెనుకవైపు. మా నాన్న నేసిన చీర ఒక ప్రదర్శనలో పెట్టారు. పక్కన చీటీ మీద దుకాణం యజమాని పేరు, నమూనా వేసినామె పేరు. నాన్న ఆ చీటీ రెండుసార్లు చదివి బయటకు వచ్చేశాడు. మీరిప్పుడు రాసింది అచ్చం ఆ చీటీలాగే ఉంది.

విస్తులా తీరం:
అంటే మీ కోపం ఆ దుకాణం మీద. దాన్ని తెచ్చి రాజు నెత్తిన రుద్దుతున్నారు.

వేపచెట్టు:
నెమ్మదిగా మాట్లాడుకోండి, ఇద్దరూ పెద్దవారు.

పడుగుపేక:
కోపమే, దాచుకోను. ఆ తెరలు నేసిన బ్రస్సెల్స్ కార్ఖానాల్లో ఒకటైన యాన్ వాన్ టీగెమ్ కార్ఖానా పేరు మీ విద్యార్థులకు ఏనాడైనా చెప్పారా?

విస్తులా తీరం:
లేదు. రాజు పేరే చెబుతాను. ఆయన అడగకపోతే ఆ మగ్గాల మీద ఇంకో రాజు తెరలు ఉండేవి.

పడుగుపేక:
ఆ మగ్గాలే లేకపోతే మీ రాజు గోడకు సున్నం కొట్టించుకునేవాడు.