చౌమహల్లాల పసుప్పచ్చ రోల్స్ రాయిస్ చూసొచ్చినం, చెత్తబండి కథ నిజమేనా?

మలక్‌పేట్_రైడర్:

అందరికీ నమస్తే, పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి.

మొన్న ఆదివారం మా నాయినని, నా బిడ్డని తీస్కొని చౌమహల్లా ప్యాలెస్‌కి పోయినం. దర్బార్ హాల్ల షాండ్లియర్లు చూసి అటెన్క పాత కార్లు పెట్టిన కాడికొచ్చినం, అక్కడ 1912 నాటి పసుప్పచ్చ రోల్స్ రాయిస్ ఉంది కద, దాని ముంగట మా నాయిన అట్లనే నిలబడిపోయిండు. ముప్పై ఏండ్లు బస్సు నడిపిన మనిషి, ఊర్కెనే ఏ బండి ముంగట ఆగడు. పది నిమిషాలు దాన్ని చుట్టూ తిరిగి చూసి "దీన్ని తుడవనీకే ఒక మనిషి కావాలె రా" అన్నడు. అప్పుడే నా బిడ్డ (ఏడో క్లాసు) "తాతా, నిజాం చెత్త ఎత్తనీకి వాడింది ఇదేనా, వాట్సాప్‌ల వచ్చింది" అని అడిగింది. మా నాయినకి నచ్చలే. "గంత మంచి బండి మీద గా మాటేంది" అని ఊకున్నడు, ఇంటికొచ్చేదాక ఆటోల కూడా అదే ఆలోచన.

నాకు నిజం కావాలె. చెత్తబండి కథ జరిగిందా లేదా? అసలు ఈ కంపెనీకి గంత పేరు ఎట్లొచ్చింది, అప్పట్ల వేరే మంచి కార్లు లేవా? విమానం ఇంజన్ మీద కూడా అదే పేరు ఉంటది, ఒకటే కంపెనీనా? ఇప్పుడు బీఎండబ్ల్యూది అంటరు, కొందరు ఫోక్స్‌వ్యాగన్ అంటరు. తెలిసినోళ్లు చెప్తే మా బిడ్డకి చదివి వినిపిస్త.

షాలిబండ_వాసి:

అన్నా, ముందు ఆ చెత్త కథ సంగతి తేలుద్దాం, ఇరవై ఏండ్ల సంది వింటున్న నేను. రాజుగారు లండన్ షోరూంకి మామూలు బట్టలేస్కొని పోయిండంట, సేల్స్‌మన్ బయటికి పొమ్మన్నడంట, మళ్ల రాజు లెక్క పోయి ఉన్న కార్లన్ని కొని మన దేశం తెచ్చి మున్సిపాలిటీకి ఇచ్చిండంట. ఎక్కువ మంది అల్వార్ రాజా అని చెప్తరు. ఇంకోడు భరత్‌పూర్ అంటడు, ఇంకోడు పటియాలా, మన ఊరికి వచ్చేసరికి నిజాం అయితడు. ఊరు మారుతది, రాజు మారుతడు, కార్ల లెక్క మారుతది, కథ మాత్రం అదే. జరిగిన ముచ్చటైతే కనీసం రాజు పేరన్న ఒక్కటే ఉండాలె కద.

ఆ కథతోని ఒక ఫొటో కూడా తిరుగుతది, కారు ముంగట టైర్ల కాడ చీపుర్లు కట్టి ఉంటయి. అవి చెత్త ఊడ్వనీకి కాదు, రోడ్డు మీద మేకులు టైర్లల్ల దిగకుండ పక్కకి నూకనీకి కట్టినయి. రేడియేటర్ చూడండి. రోల్స్ రాయిస్ రేడియేటర్ గుడి ముంగట స్తంభాలు, పైన త్రికోణం కప్పు ఉన్నట్టు ఉంటది, ఆ ఫొటోల కారుకి అది లేదు.

మన నిజాం సంగతికొస్తే, ఉస్మాన్ అలీ ఖాన్‌ని 1937 ఫిబ్రవరిల టైమ్ పత్రిక లోకంల అందరికన్న ధనవంతుడని కవర్ మీద వేసింది, అయినా పైసా పైసా లెక్కబెట్టే మనిషని ఊరంత పేరు. ఆ మనిషి కోపానికి కార్లు కొని చెత్తల పెడతడంటే పాతబస్తీల పెద్దలెవ్వరూ నమ్మరు.

మీరు చూసిన బండి కథ దీనికన్న వెయ్యి రెట్లు బాగుంటది. అది సిల్వర్ ఘోస్ట్, బాడీ కట్టింది లండన్ల బార్కర్ వాళ్లు. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. వెనక సీటు ఎత్తుగ సింహాసనం లెక్క ఉండాలని చేయించిండు, అందుకే థ్రోన్ కార్ అంటరు. పసుపు ఆసఫ్ జాహీల రంగు, వాళ్ల జెండా కూడా పసుపే. కాని 1911 ఆగస్టుల మహబూబ్ అలీ ఖాన్ చనిపోయిండు. తను కూర్చోనీకి చేయించుకున్న సింహాసనం ఆయన కండ్ల జూడలె, బండి కొడుకు కాలంల వచ్చింది. నేను ఎప్పుడు పోయినా ఆ వెనక సీటు కాడనే ఆగుత.

పాతబండ్లు_ప్రాణం:

షాలిబండ అన్న మంచిగ చెప్పిండు. పేరు ఎట్లొచ్చిందో నేను చెప్త, ఎందుకంటే మా మేనమామ షెడ్డుల పాత బండ్ల పని చేస్కుంట పెరిగిన, ఈ ముచ్చట వస్తే నేను ఆగను.

అందరు రోల్స్ అని పిలుస్తరు కాని బండి చేసినాయన రాయిస్. హెన్రీ రాయిస్ పుట్టింది 1863ల, నాయిన పిండిమర నడిపి దివాలా తీసిండు, పోరనికి తొమ్మిదేండ్లు ఉన్నప్పుడు చనిపోయిండు. ఆ పోరడు పేపర్లు అమ్మిండు, టెలిగ్రాంలు మోసిండు, బడికి పోయింది కలిపి లెక్కబెడితే ఏడాది పైన కొంచెం. మేనత్త ఏడాదికి 20 పౌండ్లు కట్టి రైల్వే వర్క్‌షాపుల అప్రెంటిస్‌గ పెట్టింది, మూడేండ్లకి ఆమె కాడ పైసలు అయిపోయినయి, ఆ పని కూడా పాయె. అట్లాంటాయన 1884ల మాంచెస్టర్ల చిన్న కరెంటు సామాన్ల షాపు పెట్టిండు, డోర్ బెల్లులు, డైనమోలు, తర్వాత క్రేన్లు. కార్లు ఆయన పనే కాదు. ఒక సెకండ్ హ్యాండ్ ఫ్రెంచి కారు కొన్నడు, డెకోవిల్ అని, దాని సప్పుడు, వణుకు భరించలేక దాన్ని బాగుచేస్కుంట బాగుచేస్కుంట, ఇంతకన్న నేనే మంచిగ చేస్త అని 1904ల మూడు కార్లు చేసిండు.

ఛార్లెస్ రోల్స్ దీనికి మొత్తం ఉల్టా. లార్డ్ గారి కొడుకు, కేంబ్రిడ్జ్ చదువు, లండన్ల కార్ల షోరూం. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్ల ఇద్దరూ కలిసిన్రు. రోల్స్‌కి రెండు సిలిండర్ల బండ్లంటే ఇష్టం లేకుండె, రాయిస్ బండి రెండు సిలిండర్లదే, అయినా ఎక్కి ఒక్క రౌండు కొట్టంగనే మనసు మారింది. నువ్వు ఎన్ని చేస్తె అన్ని నేను అమ్ముత అన్నడు. 1906 మార్చిల కంపెనీ రిజిస్టర్ అయింది. రోల్స్ ఎక్కువ కాలం లేడు, 1910 జులైల బోర్న్‌మౌత్ కాడ విమానం కూలి చనిపోయిండు, 32 ఏండ్లు, ఇంజన్ విమాన ప్రమాదంల ప్రాణం పోయిన మొదటి బ్రిటన్ మనిషి ఆయననే. బండికి పేరు ఆయనది ముందొచ్చింది, పని మాత్రం 1933ల పోయేదాక రాయిస్ చేసిండు, ఆపరేషన్ అయ్యి మంచం పట్టిన తర్వాత కూడా ఇంటి నుంచే డ్రాయింగులు గీయించిండు.

ఇప్పుడు అసలు ముచ్చట. 1907ల వెండి రంగు వేసిన ఒక 40/50 మోడల్ బండికి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టిన్రు, దయ్యం లెక్క సప్పుడు లేకుండ పోతదని, తర్వాత ఆ మోడల్ మొత్తానికి అదే పేరు పడ్డది. నంబర్ ఏఎక్స్ 201. దాన్ని లండన్ గ్లాస్గో నడుమ రాత్రి పగలు తిప్పిన్రు, ఆదివారం ఒక్కటే రెస్టు, మొత్తం 15,000 మైళ్లు. 629 మైళ్ల కాడ పెట్రోల్ ట్యాపు రోడ్డు కుదుపుకి దానంతటదే మూసుకుపోయింది, ఒక్కసారి బండి ఆగింది. ఆ తర్వాత మిగిలిన 14,371 మైళ్లు, మన లెక్కల 23 వేల కిలోమీటర్ల పైన, బండి తప్పుతోని ఒక్కసారి కూడా ఆగలే. అయిపోయినంక ఈ పరీక్ష చూసిన రాయల్ ఆటోమొబైల్ క్లబ్బోళ్లు ఇంజన్ మొత్తం విప్పి కొలిచిన్రు, మళ్ల కొత్తదాని లెక్క చేయనీకి మార్చిన పార్ట్స్ ఖర్చు రెండు పౌండ్ల పైన కొంచెం. అప్పట్ల బండంటే పది ఊర్లు దాటేలోపు ఏదో ఒకటి విరిగే రోజులు, ఆలోచించండి. వేరే మంచి కార్లు లేవా అంటే ఉన్నయి, ఇంగ్లండ్లనే నేపియర్ ఉంది. కాని ఇట్ల అందరి ముంగట నడిపి, విప్పి, లెక్క చూపించింది వీళ్లు. లోకంల అన్నిటికన్న మంచి కారు అని రాస్కున్నరంటే ఊర్కెనే రాస్కోలే.

సప్పుడు ఎందుకు రాదంటే ఆరు సిలిండర్లు ఒకటే లైన్ల, 7 లీటర్ల ఇంజన్, క్రాంక్‌షాఫ్ట్‌కి (ఇంజన్ల తిరిగే పెద్ద కడ్డీ) ఏడు బేరింగులు, ఆయిల్ పంపుతోని ప్రెషర్ మీద పోతది. క్రాంక్‌షాఫ్ట్ ఎక్కడా ఊగదు. పాత బండ్లల్ల సగం సప్పుడు, సగం వణుకు కింద నుంచే వస్తది, షెడ్డుల పని చేసినోళ్లకి ఇది తెలుసు. ఇంకోటి, అప్పట్ల కంపెనీ చాసిస్, ఇంజన్ మాత్రమే ఇచ్చేది, బాడీ వేరేటోళ్లు కట్టాలె. అందుకే మీరు చూసిన బండికి బార్కర్ పేరు.

కేపీహెచ్‌బీ_సెవెన్త్_ఫేజ్:

నమస్తే అండి. యజమాని ఎవరు అన్నదానికి నేను చెప్తాను, చాలామంది ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు.

మొదట్లో కార్లూ విమానం ఇంజన్లూ ఒకే కంపెనీ అండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈగిల్ అనే విమానం ఇంజన్ చేశారు, రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్‌లో ఉన్న మెర్లిన్ కూడా వీళ్లదే. ముంచింది కూడా విమానం ఇంజనే. ఆర్‌బీ 211 అని పెద్ద జెట్ ఇంజన్ మొదలుపెట్టారు, ఖర్చు చేతులు దాటిపోయింది, 1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా. ప్రభుత్వం విమానాల భాగాన్ని తీసుకుంది, కార్ల భాగాన్ని 1973లో విడగొట్టారు, 1980లో అది వికర్స్ అనే బ్రిటిష్ కంపెనీ చేతికెళ్లింది. చిత్రమేంటంటే దివాలా తీయించిన అదే ఆర్‌బీ 211 తర్వాత చాలా మంచి ఇంజన్ అనిపించుకుంది, ఈరోజు విమానం రెక్క కింద రెండు ఆర్లు కనిపించే ట్రెంట్ ఇంజన్లు దాని సంతానమే.

1998లో వికర్స్ కార్ల కంపెనీని అమ్మకానికి పెడితే ఫోక్స్‌వ్యాగన్ 430 మిలియన్ పౌండ్లకి కొంది. క్రూ ఊళ్లో ఫ్యాక్టరీ వచ్చింది, దాంతోపాటు ఉన్న బెంట్లీ కార్ల బ్రాండు వచ్చింది, బానెట్ మీద బొమ్మ, ముందు గ్రిల్ ఆకారం వచ్చాయి. కానీ రోల్స్ రాయిస్ అన్న పేరు మాత్రం విమానం ఇంజన్ల కంపెనీ చేతిలో ఉండిపోయింది, వాళ్లు ఆ పేరు 40 మిలియన్లకి బీఎండబ్ల్యూకి ఇచ్చారు. ఇల్లు ఒకరిది, ఇంటిపేరు ఇంకొకరిది అయిందన్నమాట. చివరికి రాజీ కుదిరి బెంట్లీ ఫోక్స్‌వ్యాగన్‌కి, 2003 జనవరి 1 నుంచి రోల్స్ రాయిస్ బీఎండబ్ల్యూకి. వాళ్లు గుడ్‌వుడ్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టి ఫాంటమ్ తెచ్చారు. కాబట్టి మీరు విన్న రెండు మాటలూ ఒక్కోకాలానికి నిజమే.

నా సొంత అభిప్రాయం, ఎవరూ ఏమనుకోవద్దు, ఇప్పుడు జూబ్లీహిల్స్ రోడ్డు మీద కనపడే కల్లినన్‌కి (రోల్స్ రాయిస్ ఎస్‌యూవీ) ఆ 1907 బండితో చుట్టరికం పేరు వరకే. పాత ఫ్యాక్టరీ కాదు, పాత పనివాళ్లు కాదు, ఇంజన్ జర్మనీ వాళ్లది. డబ్బు పెట్టి పరువు కొనుక్కుంటున్నారు అనిపిస్తుంది నాకైతే.

పాతబండ్లు_ప్రాణం:

కేపీహెచ్‌బీ అన్నా, లెక్కలన్ని కరెక్టు, ఆఖరి మాట నేను ఒప్పుకోను. రాయిస్ పని పద్ధతి ఏంది, వేరేటోడు చేసింది తీస్కొని దాన్ని ఇంకా మంచిగ చేసుడు. డెకోవిల్‌తోని చేసింది అదే కద. ఇప్పుడోళ్లు ఆ పద్ధతి పట్టుకున్నరా లేదా అన్నది చూడాలె, ఫ్యాక్టరీ ఏ ఊర్ల ఉందన్నది కాదు. 2023ల కరెంటుతోని నడిచే స్పెక్టర్ ఇవ్వడం మొదలుపెట్టిన్రు. రోల్స్ 1900లనే కరెంటు బండ్లకి సప్పుడు ఉండదు, పొగ ఉండదు, ఛార్జింగ్ దొరికే జాగలు పెడితె మంచిగ పనికొస్తయి అన్నడు. రాయిస్ బతుకు మొదలైందే కరెంటు పనితోని. ఇద్దరూ ఉంటే స్పెక్టర్‌ని చూసి సంతోషపడేటోళ్లు అని నా నమ్మకం.

షాలిబండ_వాసి:

బానెట్ మీది బొమ్మ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్త, దాని వెనక ఒక ఆడమనిషి ఉంది, మన దేశం దారిల ప్రాణం పోయింది. స్పిరిట్ ఆఫ్ ఎక్స్టసీని 1911ల ఛార్లెస్ సైక్స్ చేసిండు, దానికి మాడల్ ఎలియనోర్ థార్న్‌టన్ అని చెప్తరు, లార్డ్ మాంటేగ్యూ కాడ సెక్రెటరీ. 1915 డిసెంబర్ 30న ఆయనతోని కలిసి ఇండియాకి ఓడల వస్తుంటే మధ్యధరా సముద్రంల జర్మనీ జలాంతర్గామి ఆ ఓడని ముంచింది. పర్షియా అని ఆ ఓడ పేరు. ఆయన బతికిండు, ఆమె పోయింది. ఈసారి మీ బిడ్డ ఆ బొమ్మని ఎక్కడ చూసినా ఇది చెప్పండి, చెత్తబండి కథ మర్చిపోతది.

మలక్‌పేట్_రైడర్:

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి అన్నం తిన్నంక మొత్తం చదివి వినిపించిన. నా బిడ్డ ఆ గ్రూపుల "రేడియేటర్ చూడండి" అని పెట్టింది, దాని ఫ్రెండ్స్‌కి కూడా ఫొటో చూపించి చెప్తుంది. మా నాయిన రాయిస్ చిన్నప్పటి ముచ్చట కాడ మళ్ల చదువు అన్నడు, రెండుసార్లు చదివిన.

ఆయన తరఫున ఒక్కటే ప్రశ్న. ఆ కాలంల సెల్ఫ్ ఉంటదా, లేకపోతె ఆ బండిని స్టార్ట్ ఎట్ల చేసేది?

పాతబండ్లు_ప్రాణం:

హ్యాండిలే, పెద్దాయనకి చెప్పండి. సిల్వర్ ఘోస్ట్‌కి సెల్ఫ్ స్టార్టర్ 1919ల వచ్చింది, మీరు చూసింది దానికన్న ముందుది. రేడియేటర్ కింద హ్యాండిల్ పెట్టే జాగ ఉంటది, ఈసారి వంగి చూడమనండి.

మలక్‌పేట్_రైడర్:

చెప్పిన అన్నా. వచ్చే ఆదివారం మళ్ల పోదాం అంటున్నడు, పొద్దున్నే, జనం రాకముందు.