పెరట్లో నాటుకోళ్ళున్న ఇంటికి జాక్ రస్సెల్ టెర్రియర్ తగునా?

పర్లాకిమిడి గృహిణి:

నమస్కారం. విశాఖపట్నంలో ఉంటున్న మా ఆడపడుచు ఇంట్లో జాక్ రస్సెల్ టెర్రియర్ జాతి కుక్కపిల్లలు పుట్టాయి. ఒకదాన్ని మమ్మల్ని తీసుకోమంటున్నారు. మాది పర్లాకిమిడి ఊరి చివర పెరడున్న ఇల్లు. గోడ అవతల వరిపొలాలు కావడం వల్ల పందికొక్కుల బెడద ఎక్కువ, వానాకాలంలో పాములు కూడా కనిపిస్తాయి. మా అత్తగారి నాటుకోళ్ళు పగలంతా పెరట్లో విడిగా తిరిగి, చీకటి పడ్డాక గంప కిందికి చేరతాయి. కుక్క చిన్నది కనుక పెంపకం తేలికేనని మావారు, ఎలుకల పీడ వదులుతుందని అత్తగారు అంటున్నారు. అది కోళ్ళతో కలిసి ఉండగలదా, మన వేసవిని తట్టుకుంటుందా, ఎనిమిదేళ్ళ మా అబ్బాయి దగ్గర నిశ్చింతగా వదలవచ్చా అన్నవి నా సందేహాలు. ఈ జాతిని పెంచినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

బరంపురం పాఠకుడు:

నమస్కారమండీ. ఈ జాతి చిన్నదన్న మాట నిజమే. ఎత్తు 25 నుండి 30 సెంటీమీటర్లు, బరువు 5, 6 కిలోలు ఉంటుంది. అయితే పెంపకం తేలికన్నది మాత్రం నిజం కాదు. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతానికి చెందిన జాన్ రస్సెల్ అనే పాదిరీ 1819లో, ఆక్స్‌ఫర్డులో చదువుకుంటున్న రోజుల్లో, ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడ టెర్రియర్‌ను కొన్నాడనీ, ఆయన పెంచిన వంశం దానితోనే మొదలైందనీ చెబుతారు. వేటకుక్కలు తరిమిన నక్క బొరియలో దూరినప్పుడు దాని వెనకే లోపలికి దిగి, నక్కను చంపకుండా, ఆగకుండా మొరుగుతూ బయటికి వెళ్ళగొట్టడం ఈ కుక్కల పని. యజమాని మాట వినిపించని ఆ చీకట్లో ఏం చేయాలో కుక్కే నిర్ణయించుకోవాలి. అందుకు పనికివచ్చే వాటినే తరతరాలుగా ఎంచి పెంచారు కనుక, మనం మొండితనమనీ, అనవసరపు మొరుగుడనీ, పెరడంతా గుంతలు తవ్వే పాడు అలవాటనీ విసుక్కునేవన్నీ దానికి పుట్టుకతో వచ్చిన పనితనమే. కొట్టి మాన్పించాలని చూస్తే కుక్క బెదిరిపోతుంది గాని అలవాటు పోదు.

కోళ్ళ విషయంలో నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తే కోడి కళ్ళబడితే ఈ కుక్క ఆగదు. పిల్లగా ఉన్నప్పటినుంచి కోళ్ళ మధ్యనే పెరిగితే కొంత సర్దుకుంటుందంటారు, అది మీరు ఎదురుగా ఉన్నంతసేపటి మాట. పెరడు ఇద్దరికీ ఒకేసారి వదలకండి.

వ్యాయామం సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. పెరట్లో వదిలేస్తే అదే తిరుగుతుందిలే అనుకుంటే కుదరదు. రోజుకు గంటకు తక్కువ కాకుండా నడక, పరుగు ఉండాలి, దానికి తోడు బుర్రకు పని కావాలి. పాత గోనెసంచి మడతల్లో తిండి ముక్కలు దాచి వెతికించడం దీనికి ఎంతో ఇష్టమైన ఆట. ఎండాకాలంలో తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి బయటికి తీసుకువెళ్ళండి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద కాసేపు ఉంచలేకపోతే కుక్క పాదాలకూ ఆ వేడి పనికిరాదు. ఆటలో పడితే తనంతట తాను ఆగే రకం కాదు కనుక, నాలుక బాగా వేలాడేసి రొప్పడం మొదలుపెట్టగానే మీరే ఆపించాలి.

పిల్లవాడితో బాగానే కలిసిపోతుంది, బంతి విసిరేవారు దొరికితే దానికి ఇంకేమీ అక్కర్లేదు. అయితే తోక లాగడం, తింటున్న గిన్నె ముట్టుకోవడం వంటివి ఇది సహించదు. ముందు నేర్పవలసింది బాబుకే. పెద్దవారు దగ్గర లేకుండా ఇద్దరినీ వదలకండి.

పిల్లను ఎనిమిది వారాలు నిండాకే తల్లి నుంచి వేరు చేయాలి. తెల్లరంగు ఎక్కువగా ఉండే ఈ జాతిలో పుట్టు చెవుడు కనిపిస్తుంది కనుక, కంటపడకుండా వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. కంటిలోని కటకం పట్టు తప్పి జారిపోయే జబ్బు కూడా ఈ వంశంలో ఉంది. అది నడివయసులో బయటపడుతుంది, తల్లిదండ్రులకు జన్యు పరీక్ష చేయించారేమో మీ ఆడపడుచు గారిని అడగండి.

జయపురం మిత్రుడు:

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, మీ అత్తగారి ఆశ గురించి ఒక హెచ్చరిక చేయాలి. ఈ కుక్క ఎలుకలను పట్టడంలో దిట్టే, కాని ప్రమాదమంతా అక్కడే ఉంది. పక్క పొలంలో జింకు ఫాస్ఫైడు అనే ఎలుకల మందు కలిపిన ఎర పెట్టి ఉంటే, ఆ ఎర తిన్నా, దాన్ని తిన్న ఎలుకను మింగినా కుక్క ప్రాణానికి ముప్పే, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. బ్రోమాడయొలోన్ అనే మరో ఎలుకల మందు బిళ్ళలైతే కొన్ని రోజుల దాకా పైకి ఏమీ తెలియదు, ఆ తరువాత చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో నెత్తురు కారుతుంది. త్వరగా పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్తే కె1 విటమిన్ వారాల తరబడి ఇచ్చి బతికించవచ్చు. ఇరుగుపొరుగు రైతులు ఏ మందు వాడుతున్నారో ముందే తెలుసుకోండి. ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది మనుషులకూ సోకుతుంది. అందుచేత రేబీస్ టీకాతో పాటు లెప్టో టీకా కూడా ఏటా వేయించండి.

పాము ఎదురైతే మన నాటుకుక్కల్లో చాలావరకు దూరంగా నిలబడి మొరుగుతాయి, ఇది మీదికి పోతుంది. గోడవారన తుప్పలు కొట్టించి, పొద్దుపోయాక కుక్కను పట్టీ లేకుండా పెరట్లోకి పంపకండి. విషానికి విరుగుడు సూది మీ ఊరి పశువైద్యశాలలో ఉంటుందో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకోవడం మంచిది. పెద్ద వైద్యం అవసరమైతే మీకు గరివిడి పశువైద్య కళాశాల ఉంది. ఇక వానాకాలంలో చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పిడుదులున్నాయేమో రోజూ చూడాలి. జ్వరం వచ్చి తిండి మానేస్తే పిడుదుల వల్ల వచ్చే రక్తపు జబ్బులను ముందుగా అనుమానించండి.

పర్లాకిమిడి గృహిణి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అత్తగారికి చదివి వినిపించాను. కోళ్ళను వదులుకోనని ఆవిడ, కుక్క కావలసిందేనని మా అబ్బాయి పట్టుబట్టారు. పెరటిని వలతో రెండు భాగాలు చేస్తే సరిపోతుందా?

బరంపురం పాఠకుడు:

సరిపోతుంది, కాని పైపైన కట్టిన కోళ్ళ వల కింద ఇది ఒక మధ్యాహ్నంలో సొరంగం తవ్వేస్తుంది. వెల్డింగు చేసిన గట్టి వల తీసుకుని, అడుగున్నర లోతు నేలలో పాతించి, అడుగుభాగాన్ని కుక్క ఉండే వైపుకు వంచి రాళ్ళు పేర్చండి. ఎత్తు కనీసం ఐదడుగులుండాలి, పొట్టిదైనా బాగా ఎగురుతుంది. కుక్క వైపు ఒక మూల ఇసుక పోయించి, తవ్వుకోవడానికి దానికే వదిలేయండి. ఈ పనులన్నీ పూర్తయ్యాకే పిల్లను తెచ్చుకోండి.